పదికి ఆరున్నర

పొద్దున షాపు తెరిచింది మొదలు సాయంత్రం దాకా అతను అడిగే ప్రశ్న ఒక్కటే. "ఇది బాగా కనిపిస్తోందా, ఇదా?"

కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్షించే ఉద్యోగం. షాపు వెనకాల మసక వెలుతురు గది, గోడ మీద వెలిగే అక్షరాల పలక, ఎదుటి కుర్చీలో గడ్డం ఆనించి కూర్చున్న మనిషి. అతను అద్దం మారుస్తాడు, అడుగుతాడు, మళ్ళీ మారుస్తాడు. కొందరు మొహమాటానికి "రెండూ బాగానే ఉన్నాయండీ" అంటారు. అలా అనేవాళ్ళంటే అతనికి లోలోపల చిరాకు. రెండూ బాగుండటమేమిటి? ఏదో ఒకటి తేల్చి చెప్పాలి కదా.

తేల్చడం అతనికి ఉగ్గుపాలతో వచ్చిన గుణం. మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీసి, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాక చేసేది కూడా ఆ పనే. ఇంటర్నెట్‌లో ఒక చిన్న వెబ్‌సైటుంది. మెటల్ సంగీతంలో కూడా మరీ కరకుది, మరీ మెలికలు తిరిగింది మాత్రమే వినే జనం కోసం నడిచే సైటు అది. గిటార్లు రంపాల్లా కోస్తుంటాయి, డ్రమ్ములు వడగళ్ళలా కురుస్తుంటాయి, పాడేవాడు పాడడు, గర్జిస్తాడు. ఒక్కో పాట పావుగంట సాగుతుంది, మధ్యలో తాళం పదిసార్లు మారుతుంది. బయటివాళ్ళకది గోల. వినేవాళ్ళకు మాత్రం అందులో మంచీ చెడూ, సొంతమూ అరువూ, నిజమూ నటనా అన్నీ విడివిడిగా వినిపిస్తాయి. కొత్త ఆల్బం వచ్చినప్పుడల్లా దాని గురించి రాసి, కింద పదికి ఇన్ని అని అంకె వేయడం అతని పని. 'తూకం' అన్న పేరుతో రాసేవాడు. పదికి పది ఎవరికీ వేసిన పాపాన పోలేదు. తూకం ఎనిమిదిచ్చాడంటే కళ్ళు మూసుకుని వినొచ్చని ఆ సైటు పాఠకుల్లో ఒక నమ్మకం.

భార్యకు ఈ సంగీతం పడదు. "మిక్సీలో గులకరాళ్ళు వేసి తిప్పితే నేనూ ఒక ఆల్బం చేసేస్తాను. ఎంతేస్తావు?" అని అడిగిందొకసారి.

"రాళ్ళ సైజును బట్టి" అన్నాడతను, సీరియస్‌గానే.

అతనికొక చెల్లెలుంది. ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టు. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్ళకు, నత్తి ఉన్న పిల్లలకు, ఆపరేషన్ తర్వాత గొంతు పెగలనివాళ్ళకు మళ్ళీ మాట నేర్పుతుంది. అదే గొంతుతో శని ఆదివారాలు నలుగురు కుర్రాళ్ళతో కలిసి ఒక బ్యాండులో గర్జిస్తుంది. అర్భకంగా, గాలికి కొట్టుకుపోయేలా ఉండే ఆ పిల్లలోంచి ఆ శబ్దం వస్తుంటే మొదటిసారి విన్నవాళ్ళు ఆమె వెనకాల ఎవరున్నారా అని చూస్తారు. ఈ పిచ్చి ఆమెకు అంటించింది అన్నే. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే హెడ్‌ఫోన్ చెరో చెవికీ పెట్టుకుని వినేవారు.

ఇక వాళ్ళ నాన్న. ఆయన కూరగాయల హోల్‌సేల్ మార్కెట్లో సరుకుకి వేలం పాట నడిపేవారు. లారీల చప్పుడు, హమాలీల కేకలు, బేరగాళ్ళ రొద, అన్నిటి మీదా తేలేది ఆయన గొంతు. జీవితంలో ఎన్నడూ మైకు ముట్టుకోలేదు. అందుకే మార్కెట్లో అందరూ ఆయన్ని 'మైకు' అని పిలిచేవారు. తెల్లవారకముందే వెళ్ళి, ఎండెక్కేసరికి ఇంటికొచ్చి, ఇంట్లో కూడా మార్కెట్లో మాట్లాడినట్టే మాట్లాడేవారు. "ఉప్పు అందుకో" అంటే పక్కింటివాళ్ళు అందించేలా ఉండేది. తల్లి పోయాక పిల్లలిద్దర్నీ పెంచిందీ ఆ గొంతే. కూతురు మొదట్లో గదిలో తలుపేసుకుని గర్జన సాధన చేస్తుంటే ఆయన తలుపు తట్టి, "ఏమ్మా, గొంతులో ఏమన్నా అడ్డం పడిందా? నీళ్ళు తెమ్మంటావా?" అని అడిగారట. దాన్ని సంగీతమంటారని చెబితే, "సరే, నా వేలాన్ని కూడా పాటే అంటారుగా" అని ఊరుకున్నారు.

ఆ గొంతుకే దెబ్బ తగిలింది. చాలాకాలం బొంగురుగా ఉంటే అరిచీ అరిచీ వచ్చిందనుకున్నారు. తీరా చూస్తే స్వరపేటికలో గడ్డ. దాంతోపాటు ఒకవైపు స్వరతంత్రి తీసేయాల్సి వచ్చింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. నోరు తెరిస్తే గాలి మాత్రం వచ్చేది, పగిలిన సైకిల్ ట్యూబులోంచి వచ్చినట్టు.

అప్పటికే కొడుకు పెళ్ళి చేసుకుని వేరే కాపురం. తండ్రి కూతురి దగ్గరే ఉన్నారు. కొడుకు వారం వారం సెలవు రోజున వచ్చేవాడు. ఒట్టి చేతులతో వచ్చేవాడు కాదు, పళ్ళో, మెత్తని రొట్టెలో ఏదో ఒకటి పట్టుకొచ్చేవాడు. తండ్రి ఏదో చెప్పబోతూ గొంతు సవరించుకుంటే చాలు, "వద్దు నాన్నా, మాట్లాడకండి. గొంతుకి శ్రమ. సైగ చెయ్యండి, నాకర్థమవుతుంది" అనేవాడు. తర్వాత మౌనం ఇబ్బందిగా ఉంటుందని షాపు సంగతులు, బస్సులో జరిగిన గొడవలు, ఇంటాయన పిసినారితనం, అన్నీ ఏకరువు పెట్టేవాడు. "మందులు వేసుకుంటున్నారా? వేసుకుంటున్నారు. నిద్ర పడుతోందా? పడుతోంది, ముఖం చూస్తే తెలుస్తోంది." అడిగేదీ తనే, చెప్పేదీ తనే. తండ్రి తల ఊపేవారు. చెల్లెలు వంటగది గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ చూస్తూ ఉండేది.

అలా ఏడాది పైనే గడిచింది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళకు చెల్లెలు షాపుకొచ్చింది. వెనక గదిలో చూపు పరీక్ష కుర్చీలో దర్జాగా కూర్చుని పెన్ డ్రైవ్ ఒకటి బల్ల మీద పెట్టింది.

"మా ఆల్బం. 'ఉప్పునేల' అని పేరు పెట్టాం. నువ్వే రాయాలి."

"నేనెలా రాస్తానే? సొంత చెల్లెలికి అన్న మార్కులేస్తే జనం నవ్విపోతారు."

"మొదటి లైన్లోనే రాసెయ్, పాడిన పిల్ల నా చెల్లెలని. ఆ తర్వాత నీ ఇష్టం. ఏకిపారేసినా సరే."

"సైట్లో ఇంకా నలుగురున్నారు. ఎవరికైనా ఇప్పిస్తాను."

"వద్దు. నువ్వే కావాలి. ఒకళ్ళు పట్టుబట్టారు, తూకం చేతే తూయించమని."

"ఎవరు, మీ డ్రమ్మరా?"

ఆమె నవ్వి అతని డబ్బాలోంచి ఒక ముక్క నోట్లో వేసుకుని లేచింది. "విను. బాగా విను" అని వెళ్ళిపోయింది.

సైటు నడిపే సంపాదకుడు వేరే ఊళ్ళో మందుల షాపు పెట్టుకున్న మనిషి. ఇద్దరూ ఎదురెదురుగా కలుసుకున్నది తక్కువ, ఫోన్లో కీచులాడుకున్నది ఎక్కువ. సంగతి చెబితే అతను కాసేపు ఆలోచించి, "రాయి గురూ. బంధుత్వం పైన వేసెయ్. కానీ ఒక్క వాక్యం మెత్తగా కనిపించిందనుకో, నిన్నూ నన్నూ కలిపి ఉతికి ఆరేస్తారు" అన్నాడు.

ఆ మాట అతని మనసులో ముల్లులా దిగింది.

ఆల్బంలో ఏడు పాటలు. బస్సులో విన్నాడు, నడుస్తూ విన్నాడు, షాపులో గిరాకీ లేనప్పుడు విన్నాడు. మొదటి మూడూ గట్టివి. గిటార్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ వెళ్ళి, ఒక్కసారిగా గోడకు గుద్దుకున్నట్టు ఆగి, వేరే తాళంలో మళ్ళీ లేస్తాయి. నాలుగోది సాగదీత. పన్నెండు నిమిషాల్లో నాలుగు నిమిషాలు తీసేసినా ఎవరూ ఏడవరు. డ్రమ్మర్ చేతిలో పనితనం ఉన్నవాడే కానీ, తెలిసిందంతా ప్రతి పాటలోనూ చూపించాలన్న తాపత్రయం. చెల్లెలి గొంతు మాత్రం ఎదిగింది. పాడుబడ్డ బావిలో బండరాయి దొర్లినట్టుండే ఆ గర్జనలో ఇప్పుడు మాటలు కూడా తెలుస్తున్నాయి. ఆమె కోపాన్ని నటించడం మానేసింది. ఈ సంగతి అతను రాసుకున్నాడు, తర్వాత కొట్టేశాడు. అన్న మెచ్చుకున్నట్టుంటుందని.

చివరి పాట దగ్గర ఆగిపోయాడు. పాట అయిపోవస్తుండగా వాద్యాల రొద కింద ఇంకో గొంతు లేస్తుంది. చెల్లెలిది కాదు. అంతకంటే లోతు, అంతకంటే చిరుగు. ఏవో నాలుగైదు శబ్దాలు, మధ్యలో పెద్ద ఖాళీలు. ఒకే గొంతు రెండుగా చీలి, రెండు శ్రుతుల్లో ఒకేసారి పలుకుతుంది. ఏదో అనబోయినట్టే ఉండి, ఉన్నపళంగా పాట తెగిపోతుంది.

మొదటిసారి విన్నప్పుడు బస్సులో ఉన్నాడు. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

రెండోసారి విన్నప్పుడు అనుమానం మొదలైంది. మనిషి గొంతు అలా చీలుతుందా? కంప్యూటర్లో గొంతుని పట్టి సాగదీసి, కిందికి దించి, రెండు పొరలు చేసే విద్యలు అతనికి తెలుసు. కొత్త బ్యాండులన్నీ ఆ గారడీయే చేస్తున్నాయి. మూడోసారి వినేసరికి తేలిపోయింది. తేలిపోయాక అతనికి ప్రాణం లేచొచ్చినట్టయింది. నిజం చెప్పాలంటే అతను వెతుకుతున్నది దానికోసమే. వేలు పెట్టి చూపించగల తప్పు ఒకటి దొరికితే, చెల్లెలని చూడలేదని లోకానికి తెలుస్తుంది.

ఇలా రాశాడు: "ఆల్బం మొత్తం నిజాయితీగా సాగి చివరి నిమిషంలో దొంగదారి తొక్కింది. ముగింపులో వినిపించే ఆ గొంతు మనిషిది కాదు, మెషీన్‌ది. భయపెట్టాలని చేసిన కంప్యూటర్ గారడీ. ఏం చెప్పాలో తెలియని చోట చప్పుడు పెట్టి, అదీ పూర్తిచేయకుండా కత్తిరించారు. ఒక మార్కు అక్కడే పోయింది." కింద పదికి ఆరున్నర వేశాడు.

పొద్దున్నే సైట్లో వచ్చింది. మధ్యాహ్నానికి కామెంట్లు వరసకట్టాయి. "సొంత చెల్లెలినీ వదల్లేదు. అదీ తూకమంటే" అని ఒకరు. "ఆ చివరి గొంతు నాకూ ప్లాస్టిక్‌గానే అనిపించింది" అని ఇంకొకరు. అతనికి కడుపు నిండినట్టయింది. డబ్బాలో అన్నం సగం మిగిలిపోయింది కూడా.

ఒక పెద్దావిడ చూపు పరీక్షకు కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. చెల్లెలు. ఆవిడకు సారీ చెప్పి పక్కకొచ్చాడు.

"చదివాను" అంది చెల్లెలు.

"కోపమొచ్చిందా?"

"నాలుగో పాట సంగతి నిజమే. డ్రమ్ముల సంగతీ నిజమే. వాడికి చదివి వినిపిస్తే మొహం మాడ్చుకున్నాడు." ఆగింది. "నాన్నకీ చదివి వినిపించాను."

"నాన్నకెందుకే ఇవన్నీ?"

"ఆయనే చదవమన్నారు. తెల్లవారకముందే లేచి ఎప్పుడొస్తుందా అని కాచుక్కూచున్నారు. నీ చేతే రాయించమని పట్టుబట్టింది ఆయనే."

అతనికి ఏమీ అర్థం కాలేదు. "నాన్నా? నాన్నకి మెటల్ ఏంటి?"

"ఆ చివర్లో ఉన్నది మెషీన్ కాదన్నయ్యా."

"మరెవరు?"

ఫోన్‌లో ఆసుపత్రి వరండా చప్పుడు వినిపిస్తోంది, ఎవరో పేరు పెట్టి ఎవరినో పిలుస్తున్నారు. "నిజంగా గుర్తుపట్టలేదా నువ్వు?" అని మెల్లగా అడిగింది.

అతను గోడకి చెయ్యి ఆనించాడు.

ఆమె చెప్పుకుపోయింది. అసలు తంత్రుల పైన గొంతులో ఇంకో రెండు మడతలుంటాయి. మామూలుగా మాట్లాడటానికి వాటితో పనిలేదు. గర్జించేవాళ్ళు వాడేది వాటినే. నాన్నకు ఒక తంత్రి పోయినా ఆ మడతలు మిగిలాయి. డాక్టర్లు సరేనన్నాక, ఆసుపత్రిలో ఆమె పై అధికారిణి మొదలుపెట్టిన సాధనని ఇంట్లో ఆమె కొనసాగించింది. ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో, ఊపిరి ఎంత వాడాలో, బ్యాండు కోసం తను నేర్చుకున్నదే ఆయనకు నేర్పింది. మొదట ఒక్క అక్షరం. తర్వాత మాట. ఇప్పుడు చిన్న చిన్న వాక్యాలు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దన్నారు. వాడు చెవులతో బతికేవాడు, వాడే పట్టేస్తాడు చూడు అన్నారు. నువ్వొచ్చినప్పుడు ఒకట్రెండుసార్లు మాట్లాడబోయారు కూడా. నువ్వు వద్దు నాన్నా, శ్రమ అన్నావు."

"ఇప్పుడు... విన్నాక ఏమన్నారు?"

"నవ్వారు. తర్వాత లేచి కుండీల్లో మొక్కలకి నీళ్ళు పోశారు. అంతకుముందే పోసినవాటికే."

అతను మళ్ళీ గదిలోకి వెళ్ళాడు. కుర్చీలో పెద్దావిడ గడ్డం ఆనించి అలాగే కూర్చుని ఉంది. అద్దం మార్చాడు. అడగాల్సిన ప్రశ్న అడగడం మర్చిపోయాడు. "బాబూ, ఇందాకటిదే బాగుంది" అని ఆవిడే చెప్పింది.

షాపు నుంచి పెందలాడే బయటపడి బస్టాపు బెంచీ మీద కూర్చుని ఆ పాట పెట్టుకున్నాడు. ఇప్పుడు వినబడింది. వినబడ్డాక, ఇన్నాళ్ళూ వినబడకపోవడమెలా సాధ్యమో అతనికి అంతుపట్టలేదు. ఆ నాలుగైదు శబ్దాలు మాటలే. డ్రమ్ముల కింద నలిగిపోయాయి గానీ, మాటలే.

"ఒకటోసారి."

పెద్ద ఖాళీ. ఊపిరి కూడదీసుకుంటున్న చప్పుడు.

"రెండోసారి."

అంతే. పాట తెగిపోయింది. మార్కెట్లో వేలం వేసేవాడు మూడోసారి అన్నాడంటే సరుకు వెళ్ళిపోయినట్టు. చిన్నప్పుడు సెలవుల్లో తండ్రి వెంట వెళ్ళి, బస్తాల మీద కూర్చుని అతను వేలసార్లు విన్న మాటలు. ఆయన మూడోసారి అనే ముందు ఎప్పుడూ ఒక క్షణం ఆగేవారు. ఇంకెవరైనా చెయ్యెత్తుతారేమోనని మార్కెట్ మార్కెట్టంతా కలయచూసేవారు.

బస్సులు వచ్చాయి, వెళ్ళాయి. అతను ఎక్కలేదు. ముక్కు ఎగపీలుస్తుంటే పక్కనున్నావిడ తన చేతిసంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

అక్కణ్ణించే సంపాదకుడికి ఫోన్ చేశాడు. జరిగింది చెప్పాడు.

"అంకె మారుస్తావా?" అని అడిగాడు సంపాదకుడు.

"మార్చాలి కదా. మార్కు తీసేసిందే దానికి."

"మార్చు. నేనడ్డుపడను. కానీ ఒక్కటి చెప్పు గురూ. అది మీ నాన్న గొంతు కాకుండా ఊరూ పేరూ తెలియని ఇంకో ముసలాయనదైతే ఎంత వేసేవాడివి?"

"తెలీదు."

"నాన్నని తెలిశాక ఇప్పుడెంత వేస్తావు?"

"ఇప్పుడసలు వేయలేను. అంకె వేసేంత దూరంలో లేను."

"అదన్నమాట" అన్నాడు సంపాదకుడు. షాపుకెవరో వచ్చినట్టున్నారు, ఏదో మాత్ర పేరు చెప్పి ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రానికి చెల్లెలి ఇంటికి చేరాడు. సెలవు రోజు కాదు, చేతిలో పళ్ళూ లేవు. తండ్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. చెల్లెలు తలుపు తీసి, అన్న మొహం చూసి, కాఫీ పెట్టడానికి లోపలికెళ్ళింది. అతను ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చుంటే మళ్ళీ ఆయన్ని మాట్లాడనిచ్చేవాడు కాదేమో.

తండ్రి గొంతు సవరించుకున్నారు. అతను పెదవులు బిగించుకున్నాడు.

"మెషీన్..." అన్నారాయన. గొంతు రెండుగా చీలింది. ఆగి ఊపిరి తీసుకున్నారు. "మెషీన్‌కి... ఇంత కష్టం... ఉండదురా."

దగ్గర్నుంచి వింటే అది గర్జన కాదు. ఎండిన కొమ్మని నేల మీద ఈడ్చుకెళ్తున్నట్టుంది. ప్రతి మాటకీ మెడ నరాలు తేలుతున్నాయి. ఆయన కళ్ళలో మాత్రం చిలిపితనం ఉంది.

"తప్పయింది నాన్నా."

ఆయన చెయ్యి అడ్డంగా ఊపారు. "ఎంత... తీశావు... నా వంతు?"

"ఒక మార్కు."

"మొత్తం... నేనున్నది... అర నిమిషం." ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నారని అర్థం కావడానికి అతనికి కొంచెం టైము పట్టింది. "అర నిమిషానికి... మార్కు. గిట్టుబాటే."

చెల్లెలు మూడు కప్పులతో వచ్చింది. అతను ఆమె వైపు తిరిగి, "ఆ మార్కు వెనక్కి ఇచ్చేస్తానే. ఏడున్నర చేసేస్తాను" అన్నాడు.

"అక్కర్లేదు."

"అదేంటి? న్యాయంగా మీదే అది."

"నాన్నని తెలిసింది కాబట్టి ఇస్తున్నావు. తెలియకముందు ఇవ్వలేదుగా. మా పాటలో ఆ గొంతు మనిషిదని వినేవాడికి తెలియలేదంటే మిక్సింగులో మేమూ ఎక్కడో తప్పు చేశాం. డ్రమ్ములు తగ్గించమని నెత్తీనోరూ కొట్టుకున్నాను, వాడు విన్లేదు." కప్పు అతని చేతికిచ్చింది. "అంకె నీది, ఉండనీ. మాట మార్చు. మెషీన్ అన్న మాట తీసెయ్. అదొక్కటే అబద్ధం."

"తీసేస్తే తప్పు కప్పిపుచ్చుకున్నట్టుంటుంది."

"అయితే తీయకు. కింద రాయి."

తండ్రి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నారు, వేలంలో పాటదారులు ధర పెంచుకుంటుంటే చూసినట్టు. కాఫీ చల్లారిపోతోందని కప్పు వైపు వేలు చూపించారు.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆమె ఎప్పుడూ లేనిది హెడ్‌ఫోన్లు అడిగి తీసుకుంది. ఆ చివరి పాట మొహం చిట్లించుకునే వింది. చివర్లో మొహం మామూలైపోయింది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, "మామయ్యగారు" అంది. ఆ ఒక్క మాటే అంది. ముందే చెప్పాను కాబట్టి గుర్తుపట్టిందని అతను సరిపెట్టుకోబోయాడు గానీ, సరిపెట్టుకోలేకపోయాడు.

మర్నాడు భోజనాల వేళ కూర్చుని సమీక్ష కింద కొన్ని వాక్యాలు చేర్చాడు. ఎప్పుడూ వాక్యాలు చెక్కుతూ కూర్చునే మనిషి, ఈసారి వచ్చినవి వచ్చినట్టే రాశాడు. "చివరి పాటలోని గొంతు మెషీన్‌ది అని రాశాను. అది తప్పు. అది ఆపరేషన్‌లో గొంతు పోగొట్టుకుని మళ్ళీ మాట నేర్చుకుంటున్న మనిషిది, ఆయన మా నాన్న. నేను గుర్తుపట్టలేదు. అంకె నేను తెలియక వేసినదే, అందుకని అలాగే ఉంచుతున్నాను. ఈ బ్యాండు పాటలు ఇకమీదట వేరేవాళ్ళు తూస్తారు."

రాసిందాన్ని సంపాదకుడు అక్షరం ముట్టుకోకుండా పెట్టేశాడు. కామెంట్లలో కొందరు వెక్కిరించారు. కన్నతండ్రి గొంతు పోల్చుకోలేనివాడు మాకు ఏం చెబుతాడన్నారు. అందులో అబద్ధమేముందని అతను ఎవరికీ జవాబివ్వలేదు. ప్లాస్టిక్‌గా అనిపించిందన్న మనిషి తన కామెంటు చెరిపేసుకున్నాడు. ఇంకెవరో, తన తల్లికీ అదే ఆపరేషన్ అయిందనీ, ఆ సాధన గురించి ఎవరిని అడగాలనీ రాశారు. అది చెల్లెలికి పంపించాడు. ఆమె ఆ రోజే వాళ్ళకు ఫోన్ చేసింది.

'తూకం' రాయడం మానలేదు. మానేస్తాడేమోనని సంపాదకుడు భయపడ్డాడు గానీ, అలాంటిదేమీ జరగలేదు. నచ్చనివాటిని ఇప్పటికీ ఏకుతాడు, అంకెలూ వేస్తాడు. కాకపోతే ఏదైనా తేలిపోయిందని సంతోషంగా అనిపించినప్పుడు, ఆ సంతోషం ఎందుకొచ్చిందా అని ఒక పూట ఆగుతాడు. ఆగడం వల్ల సమీక్షలు ఆలస్యమవుతున్నాయని సంపాదకుడు ఫోన్లో దెబ్బలాడుతుంటాడు.

ఆ తర్వాతి సెలవు రోజున వెళ్ళేసరికి చెల్లెలు బ్యాండు సాధనకి వెళ్ళింది. ఇంట్లో తండ్రి ఒక్కరే ఉన్నారు. కుర్చీలు రెండూ వరండాలో వేసి ఉన్నాయి.

"రికార్డింగ్ రోజు..." అని మొదలుపెట్టారాయన. "చెప్పిందా... అది?"

"లేదు నాన్నా. మీరు చెప్పండి."

ఆయన సర్దుకుని కూర్చున్నారు. మార్కెట్లో నాలుగు మాటల్లో తేల్చేసే సంగతి. ఇప్పుడది చాలాసేపు పట్టేలా ఉంది. గోడలకు దూది అంటించినట్టుండే చిన్న గదిలోకి తీసుకెళ్ళారట. నెత్తికి హెడ్‌ఫోన్లు తగిలించారట. ఒళ్ళంతా పచ్చబొట్లున్న డ్రమ్మరు కుర్రాడు భయం భయంగా వచ్చి, "అంకుల్, మంచినీళ్ళు కావాలా" అని అడిగాడట. ఎదురుగా, ముక్కుకి తగిలేంత దగ్గర్లో...

అక్కడ మాట ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం రావడంలేదు. ఆ మాట ఏమిటో కొడుక్కి తెలుసు, నాలుక చివరే ఉంది. అందివ్వలేదు. వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి కిక్కు మీద కిక్కు కొడుతున్నారు. తండ్రి కళ్ళు మూసుకుని, ఊపిరి కూడదీసుకుని, మళ్ళీ ప్రయత్నించారు.

"...మైకు" అన్నారు. "జన్మలో... మొదటిసారి."

"ఊఁ" అన్నాడు కొడుకు.

"దాన్ని చూసి... నేను..."

"ఊఁ."